గ్రంథకర్తతో ఒక మాట

ఒక గ్రంథము చదివి ముగించిన పిమ్మట, దానిని వ్రాసినవారిని ఒక మాట యడుగవలెనని తోచని చదువరి యుండదు. మన యిండ్లలో ఆ మాట తరచుగా పొయ్యి ముందరనే యణగిపోవుచుండును.

1902వ సంవత్సరమున భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' కథ 'హిందూసుందరి' పత్రికలో వెలువడెను. మగడు యజమానుని సొమ్ము దొంగిలించి తేగా, దానిని ముట్టక, తిరిగి యిచ్చివేయునట్లు నచ్చజెప్పిన పేద యిల్లాలి కథ యది. లేమిలో నామెకంత ధైర్య మెట్లు కలిగెనని యడుగగోరిన సోదరికి ఆనాడు ఉత్తరమే దిక్కు. 1905లోనే అచ్చమాంబగారు చిన్నవయసున గతించిరి.

సభలు లేకపోలేదు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తానుబజారులో నేటికిని కలదు. కాని మా యుప్పలులో కోఠీ బస్సెక్కి, సాయంకాలపు సభ ముగియువరకు కూర్చుండి, వంటవేళకు నాచారము చేరుట యెందరికి సాగును? సాగినను, చివర ప్రశ్నలకు విడిచిన కొలది నిమిషములలో నొక పెద్దమనిషి ప్రశ్నయని లేచి యుపన్యాసమే చేయును!

అమెరికాలోని తెలుగువారికి పుస్తకగోష్ఠులు చిరకాలపు టలవాటు. డెట్రాయిటు తెలుగు లిటరరీ క్లబ్బువారు 1998 నుండి ఒక పుస్తకమును ముందుగా నేర్పరచుకొని, చదివివచ్చి చర్చించుచున్నారు. డల్లాసునందు 'నెలనెలా తెలుగు వెన్నెల' జరుగుచున్నది. 2020లో కరోనా వలన సభాభవనములు మూతపడగా, ఇట్టి గోష్ఠులనేకము ఆన్‌లైను మార్గమున ఫోనులలోనికి వచ్చినవి. డల్లాసులో సాయంత్ర మేడు గంటలైనప్పుడు, వేసవియందు మనకు తెల్లవారుజామున అయిదున్నర. పాలు కాచుచు వినవచ్చును.

వినుటతో సరిపుచ్చుకొనరాదని మా యభిప్రాయము. మేమైదారుగురము ఒక్క ప్రతినే చేతులు మార్చుకొని చదివి, యొక నవలాకారునితో నిట్లు ముచ్చటించితిమి. పండితులు శిల్పమును గూర్చి యడిగిరి. మాలో నొకామె, "అయ్యా, మీ కథలో ఆ కోడలు మూడు దినములు అందరికిని వడ్డించినది. తాను తిన్నట్లు ఎచ్చటను లేదే! కావలెననియే విడిచితిరా?" అనెను. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, తానది గమనింపనే లేదనియు, మరల అచ్చువేయునాడు ఆ పుట చూచుకొందుననియు చెప్పెను. వడ్డించిన చేతికి దప్ప ఆ ప్రశ్న యెవరికి తోచును?

అట్లయ్యును ఇట్టి గోష్ఠులలో సోదరీమణు లనేకులు తెరపై ముఖము కనుపింపక, మైకు మూసి కూర్చుందురు. "ఎవరితో ఆ మాటలు?" అని పక్కగదినుండి వినవచ్చునను భయము కొందరిది, తమ ప్రశ్న చిన్నదను సంకోచము పెక్కురది. భయము పోవుటకు, గోష్ఠి దినమును ఇంటివారికి ముందే తెలిపి, వీలైనచో వారినిగూడ చెంత కూర్చుండబెట్టుకొనుడు. మా యింట మాస్టరుగారు అట్లే అలవాటుపడిరి.

ఇక ప్రశ్న మాట. "మీకీ కథ యెట్లు తోచెను?" అని యడుగకుడు, దానికి వారు వేయిసార్లు చెప్పిన జవాబే వచ్చును. మిమ్ము నిలిపివేసిన పుటను గుర్తుపెట్టుకొని, ఆ పుటను గూర్చియే యడుగుడు. నచ్చనిచో నచ్చలేదనుడు. అదియు మొదటి పావుగంటలోనే. కుక్కరు కూత గోష్ఠి ముగియువరకు ఆగదు గదా.