మీకు తెలుసా? పేరు మారినా తుపాను తుపానే

2012 అక్టోబర్ 29 రాత్రి న్యూజెర్సీ తీరాన్ని తాకిన శాండీ, సాంకేతికంగా అప్పటికి హరికేన్ కాదు. హరికేన్‌కైనా మన తుపానుకైనా వెచ్చని సముద్రమే ప్రాణం. శాండీ మాత్రం తీరం చేరేలోపే చల్లగాలి, వెచ్చగాలి తేడా నుంచి బలం పుంజుకునే సమశీతోష్ణ తుపానుగా మారింది. ఆ మార్పును ముందే ఊహించిన అమెరికా వాతావరణ శాఖ అక్కడి తీరానికి హరికేన్ హెచ్చరిక ఇవ్వలేదు. ఉప్పెన వర్గీకరణలు చూడదు కదా! న్యూయార్క్ సబ్‌వే సొరంగాలు మునిగాయి. ఎందరో తెలుగువారు స్థిరపడిన న్యూజెర్సీలో లక్షల ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. 2013లో ఆ హెచ్చరికల నిబంధన మార్చారు. హెచ్చరిక ఇవ్వాల్సింది తుపాను జాతిని బట్టి కాదు, అది చేయగల నష్టాన్ని బట్టి.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, రాయ్‌పూర్ పక్కనున్న మందిర్ హసౌద్‌కు ఇదంతా ఎందుకని అడగవచ్చు. 2014 అక్టోబర్ 12న విశాఖను కకావికలం చేసిన హుద్‌హుద్, మర్నాటికి ఛత్తీస్‌గఢ్ మీదికే వచ్చింది. నేల మీద గాలి బలహీనపడుతుందన్న మాట నిజమే. కానీ తేమ మిగిలే ఉంటుంది. 14న ఆ తేమ పడమటి గాలుల ద్రోణితో కలిసి నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల్లో మంచు తుపానుగా విరుచుకుపడి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో అక్టోబరంటే వరి పండే కాలం. వాలిపోయిన పైరును ముంచడానికి పెనుగాలి అక్కర్లేదు, రెండు రోజుల ముసురు చాలు.