పెట్టె 12 కిలోలే.. బిల్లు 24 కిలోలకా? ఎయిర్ కార్గో రూల్స్ ఎవరు రాస్తారు?

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట వైపు వెళ్తుంటే, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య 'అమెరికా, యూకే, ఆస్ట్రేలియాకు పార్శిళ్లు' అనే బోర్డులూ కనిపిస్తాయి. విదేశాల్లోని పిల్లలకు పొడులు, జంతికలు, చేగోడీలు పంపేవారికి ఇక్కడ తరచూ ఎదురయ్యే సందేహం ఒకటుంది. కాటా 12 కిలోలు చూపిస్తే 24 కిలోల డబ్బులు ఎందుకు కట్టాలి? 'రూల్ అంతేనండీ' అని కౌంటర్లో చెబుతారు. మరి ఆ రూల్ ఎవరు పెట్టారు?

12 కిలోలు 24 ఎలా అవుతాయి?

విమానంలో బరువుతో పాటు చోటుకూ ఖరీదు ఉంటుంది. పెట్టె తేలికైనా చోటు ఎక్కువ ఆక్రమిస్తే, ఆ చోటును కిలోల్లోకి మార్చి లెక్కిస్తారు. దీన్నే వాల్యూమెట్రిక్ బరువు అంటారు.

ఉదాహరణకు 60 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 40 ఎత్తు ఉన్న పెట్టె తీసుకుందాం. మూడింటినీ గుణిస్తే 1,20,000. విమాన సరకుకు ప్రామాణికంగా వాడే లెక్కలో దీన్ని 6,000తో భాగిస్తారు. అప్పుడు 20 కిలోలు వస్తుంది. ఎక్స్‌ప్రెస్ కొరియర్ సంస్థలు సాధారణంగా 5,000తో భాగిస్తాయి. అప్పుడు 24 కిలోలు. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు.. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

అదే పెట్టె ఎత్తు 10 సెం.మీ. తగ్గిస్తే కొరియర్ లెక్క 18 కిలోలకు దిగుతుంది. అంటే ఆరు కిలోల డబ్బు మిగులుతుంది.

బేరమాడేది ఎవరెవరు?

ఒకవైపు విమానయాన సంస్థలు. వాటి అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ, 1945లో హవానాలో ఏర్పాటైంది. మరోవైపు ఫ్రైట్ ఫార్వర్డర్లు. అంటే పదిమంది సరకును పోగుచేసి, విమానంలో చోటు టోకున కొని పంపేవారు. వీరి ప్రపంచ సమాఖ్య ఫియాటా, 1926లో వియన్నాలో పుట్టింది. మన దేశంలో ఎయిర్ కార్గో ఏజెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంఘాలు ఈ వర్గం తరఫున మాట్లాడతాయి.

గొడవ ఎక్కడ?

ఒకప్పుడు ఫార్వర్డర్ అంటే విమాన సంస్థకు కమీషన్ మీద సరకు తెచ్చిపెట్టే ఏజెంటు. నిబంధనలు కూడా ఆ లెక్కనే తయారయ్యాయి. ఎవరిని ఏజెంటుగా గుర్తించాలి, ఎంత గ్యారంటీ తీసుకోవాలి, డబ్బు ఎప్పటిలోగా కట్టాలి అన్నవి ఐఏటీఏ కార్గో ఏజెన్సీ కాన్ఫరెన్స్‌లో తేలేవి. అక్కడ ఓటు విమాన సంస్థలదే. ఫార్వర్డర్లు అభిప్రాయం చెప్పగలరు, అంతే.

కాలక్రమంలో ఫార్వర్డర్లు సొంత డబ్బుతో చోటు కొనే కస్టమర్లయ్యారు. కొనేవాడికి అమ్మేవాడే రూల్స్ రాయడం ఏమిటన్నది వారి వాదన. విమాన సంస్థల వాదనా కొట్టిపారేయలేనిది. సరకును అప్పు మీద ఎక్కించుకుంటాం, ఫార్వర్డర్ చేతులెత్తేస్తే మునిగేది మేమే కదా అంటాయి. 2010 తర్వాతి సంవత్సరాల్లో ఇరుపక్షాలూ సమాన ప్రాతినిధ్యంతో ఉమ్మడి కార్యక్రమం కోసం చర్చలకు కూర్చోవడానికి కారణం ఇదే.

ధరలూ కలిసి నిర్ణయించుకోవచ్చా?

కుదరదు. కాగితాలు, ప్యాకింగ్, చెల్లింపుల పద్ధతులపై అంగీకారానికి రావచ్చు. పోటీ సంస్థలు కూడబలుక్కుని రేటు పెడితే అది చట్టవిరుద్ధం.

మన దేశంలోనే దీనికి ఉదాహరణ ఉంది. దేశీయ కార్గోపై ఇంధన సర్‌చార్జిని విమాన సంస్థలు కూడబలుక్కుని పెంచుతున్నాయని ఎక్స్‌ప్రెస్ ఇండస్ట్రీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది. 2015 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ జెట్ ఎయిర్‌వేస్, ఇండిగో, స్పైస్‌జెట్‌లకు కలిపి సుమారు 258 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. 2018 మార్చిలో కమిషన్ మరోసారి ఉత్తర్వులిస్తూ జరిమానాను సుమారు 54 కోట్లుగా నిర్ణయించింది.

మీ పార్శిల్ పోతే ఎవరిని అడగాలి?

మీ చేతికి రసీదు ఇచ్చినవారినే. ఫార్వర్డర్ ద్వారా పంపితే మీకిచ్చేది హౌస్ ఎయిర్‌వే బిల్లు. విమాన సంస్థ ఇచ్చే మాస్టర్ ఎయిర్‌వే బిల్లు ఫార్వర్డర్ పేరున ఉంటుంది. అందుకే నేరుగా విమాన సంస్థకు ఫోన్ చేస్తే 'మీ ఏజెంటును అడగండి' అంటారు. మాస్టర్ బిల్లు నంబరులో మొదటి మూడు అంకెలు విమాన సంస్థ కోడ్. ఎయిరిండియాకు 098, ఎమిరేట్స్‌కు 176.

పరిహారానికీ పరిమితి ఉంది. భారత్ 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అది కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్. రూపాయల్లో కిలోకు సుమారు 3 వేలు. ఈ పరిమితి 2024 డిసెంబరు 28న 22 నుంచి 26కు పెరిగింది. పెట్టెలో ల్యాప్‌టాప్ ఉన్నా, పట్టుచీర ఉన్నా లెక్క బరువును బట్టే. ఎక్కువ కావాలంటే పంపేటప్పుడే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి.

గడువులూ ముఖ్యమే. సరకు పాడైతే అందిన 14 రోజుల్లోగా, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కోర్టుకు వెళ్లడానికి గడువు రెండేళ్లు.

మన మాట వినే చోటు లేదా?

ఒకటుంది. శంషాబాద్ వంటి ప్రధాన విమానాశ్రయాల్లో కార్గో హ్యాండ్లింగ్ ఛార్జీలను విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ ఏఈఆర్ఏ పర్యవేక్షిస్తుంది. టారిఫ్ ఖరారు చేసే ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు కోరుతుంది. ఎవరైనా రాయొచ్చు. అంతర్జాతీయ చర్చల్లో పార్శిల్ పంపే మనిషికి కుర్చీ లేదు కాబట్టి ఈ అవకాశాన్ని వదులుకోకూడదు.

కౌంటర్ దగ్గర అడగాల్సినవి మూడే: ఎంతతో భాగిస్తున్నారు? రసీదు ఎవరి పేరున? విలువ ప్రకటిస్తే అదనంగా ఎంత? డబ్బు కట్టాక కాదు, ముందే అడగండి.