బిస్కత్తు డబ్బాలో బెహ్రైన్

యాకుత్‌పురా గల్లీలలో రెండు అంకెల కొరకు నాలుగు దినముల వెదకులాట

సోమవారము ఉదయమున సంపాదకులు నా బల్లమీద ఒక కాగితము పెట్టి, గురువారము సాయంకాలములోగా ముఖచిత్ర కథనము కావలెనని చెప్పి, నేను నోరు తెరచునంతలో తమ గదిలోనికి వెళ్లిపోయిరి. కాగితముమీద నున్నది ఒక చిన్న పట్టిక. పసిఫిక్ మహాసముద్రమున అమెరికా ఏలుబడిలోనున్న రెండు దీవుల సీమలలో ఫిలిప్పీనులెందరో 2010 జనగణన తేల్చిన సంఖ్యలవి: గువాం జనాభా 1,59,358 కాగా వారు నూటికి 26.3 పాళ్లు, ఉత్తర మరియానా జనాభా 53,883 కాగా వారు నూటికి 35.3 పాళ్లు. క్రింద సంపాదకుల చేతివ్రాత: "వాళ్ల మనుషులకు దీవి దీవికీ లెక్క ఉంది. మన పాతబస్తీ వాళ్లు బెహ్రైన్ దీవిలో ఎంతమంది? ఏడాదికి ఎంత పంపుతున్నారు? రెండు అంకెలు చాలండీ."

రెండు అంకెలు చాలునన్న పని రెండు అంకెలతో తీరగా నేను ఇంతవరకు చూచి యెరుగను. అయినను కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా దారి పట్టితిని.

రైలుస్టేషనుకు చేరువగానున్న ఒక ఇరానీ హోటలులో ప్రతి ఉదయమును సభ తీర్చు వృద్ధులను ఆశ్రయించి, ఈ గల్లీనుండి బెహ్రైన్‌కు పోయినవారెందరని అడిగితిని. ఆ ప్రశ్న వారికి అమితోత్సాహమును కలిగించినది. సాసరులో పోసిన చాయ చల్లారిపోవుచున్నను లెక్కచేయక, ఒకరు వేళ్లు మడచుచు, వేరొకరు దిద్దుచు, పచ్చ తలుపు ఇంట ఇద్దరనియు, దర్జీ ఇంట ఒకడనియు, వాని బావమరది మొదట బెహ్రైన్‌లోనే ఉండి ఇప్పుడు సౌదీలోని దమ్మాములో ఉన్నాడు గనుక వానిని విడువవలెననియు, కాదు, సముద్రముమీద 1986లో తెరచిన ఇరువదియైదు కిలోమీటర్ల వంతెన దాటి వాడు మాటిమాటికి వచ్చిపోవును గనుక సగము మనిషిగా నైనను చేర్చవలెననియు వాదించుకొని, పావుగంటలో పదునెనిమిదిన్నర మందిని తేల్చిరి. పేర్లు, తండ్రుల పేర్లు, పోయిన సంవత్సరము, బెహ్రైన్ గుర్తింపు చీటీయైన సీపీఆర్ కార్డు గడువు తీరి 'ఖల్లీవల్లీ', అనగా అనుమతిలేని కూలి, అయినవాడెవడు, యజమాని పేరునకే యుండు 'ఆజాద్ వీసా' కొని మోసపోయినవాడెవడు, సమస్తమును వారికి కంఠస్థము. అటుపిమ్మట, వీరు ఇంటికెంత పంపుదురని అడిగితిని. ఒకరు చాయ త్రాగుటలో నిమగ్నులైరి. ఒకరికి నమాజు వేళ జ్ఞాపకము వచ్చినది.

ఈ మౌనము నాకు నాలుగు దినములును పనికివచ్చినది. ఏలయన, ప్రభుత్వ గ్రంథములలో ఆ వృద్ధుల పద్ధతి సరిగా తలక్రిందులుగా నున్నది: అచట పైకమునకు దశాంశ స్థానములతో లెక్క కలదు, మనిషికి లేదు.

మనిషి ఎట్లు జారిపోవునో చూడుడు. గణన సాగిన దినములన్నిటను ఊర లేనివానిని మన జనగణన లెక్కలోనికి తీసికొనదు. 2011 ఫిబ్రవరి 9వ తేదీనుండి 28వ తేదీవరకు బెహ్రైన్ రాజధాని మనామాలో ఏసీ గొట్టములు బిగించుచుండిన యాకుత్‌పురా యువకుడు, ఆ గణనమున తేలిన హైదరాబాదు జిల్లా జనులు 39,43,323 మందిలో ఒకడు కాడు. అంతకు ముందటి సంవత్సరము బెహ్రైన్ జరిపిన గణనలో వాడున్నాడు, కాని ఎట్లున్నాడు? మొత్తము 12,34,571 మందిలో 6,66,172 మంది 'గైర్ బెహ్రైనీ'లని వ్రాసిన గడిలో, పేరులేక, ఊరులేక, గల్లీలేక ఉన్నాడు. ఇక్కడ గైరుహాజరు, అక్కడ గైరు మనిషి. బెహ్రైన్‌లోని భారతీయులు మూడు లక్షలకు పైబడి యున్నారని మన విదేశాంగశాఖ అంచనా. ఆ మూడు లక్షలలో చార్మినారుకు దక్షిణమున పుట్టినవారెందరో విడదీయు గడి ఆ అంచనాలో లేదు. కేరళము మాత్రము 1998 నుండి మచ్చునకు ఎంచిన ఇండ్లను తిరిగి తనవారి లెక్క కట్టుకొనుచు, 2023 నాటికి ఇరువది రెండు లక్షల మంది వలసపోయియున్నారని చెప్పగలుగుచున్నది. ఆ పని పొరుగువారు చేయగలిగినప్పుడు మనకు చేతగాకపోవుటకు కారణము చేతగానితనము కాదని నా అనుమానము, అవసరము తోచకపోవుటయే.

ఇక పైకము. రిజర్వు బ్యాంకు వారి సర్వేక్షణము ప్రకారము 2023-24లో విదేశములనుండి దేశమునకు వచ్చిన పైకము 118.7 బిలియను డాలర్లు. అందు తెలంగాణ వంతు నూటికి 8.1 పాళ్లు. గుణించినచో తొమ్మిదిన్నర బిలియనులకు మించుచున్నది. సంపాదకులు ఈ అంకెకు సంతసింతురని ఎరిగియు, నేను దీనిని శీర్షికలో పెట్టుటకు ఒప్పుకొనలేదు. దేశమునకు చేరిన మొత్తములో అమెరికానుండి వచ్చినది నూటికి 27.7 పాళ్లు, గల్ఫు రాజ్యములారును కలిసి పంపినది సుమారు 38 పాళ్లు; తెలంగాణ వంతులో కూకట్‌పల్లికి చేరిన డాలరేది, యాకుత్‌పురాకు చేరిన దీనారేది అని అడిగినచో ఆ రాశి పలుకదు. పైగా బ్యాంకు మొగము చూడకుండ, హుండీ మార్గమున, మోటారుసైకిలుపై వచ్చినవాడు గుమ్మమున నిలిచి నోట్లు లెక్కించి ఇచ్చిపోవు సొమ్ము ఏ సర్వేక్షణమునకును చిక్కదు. ఆ నివేదికలో నన్ను నిలువరించిన వాక్యమొక్కటి కలదు: వచ్చిన విడతలలో నూటికి 40.6 వంతులు పదహారువేల ఐదువందల రూపాయలకు లోబడినవేనట. అన్ని బిలియనుల నడుమ ఆ పదహారువేల ఐదువందలు నాకు ఆప్తముగా తోచినవి. దానిని వెదకుచునే బుధవారము మధ్యాహ్నము పచ్చ తలుపు తట్టితిని.

ఆ ఇంటి వృద్ధురాలిని నేను ఖాలా అని పిలిచితిని. ఆమె నన్ను బాబా అని పిలిచెను. ఆమె చిన్నకుమారుడు 2006లో బెహ్రైన్‌కు పోయెను. అతడెక్కడ నున్నాడని అడిగితే ఆమె బెహ్రైన్ అని అనదు, "బాహర్ హై", అనగా బయట ఉన్నాడు, అనును. పెద్ద కుమారుడు బజారునకు పోయినపుడు కూడ ఆమె నోట వచ్చునది ఆ మాటయే. చెప్పు స్వరమునుబట్టి వినువాడు తెలిసికొనవలెను. చాయ వచ్చినది, నా పని చెప్పితిని, ఆమె కొంతసేపు ఆలోచించి, మంచము క్రిందినుండి నీలిరంగు గుండ్రని బిస్కత్తు డబ్బా యొకటి లాగెను. దారపుటుండలు గాని బొత్తాములు గాని యుండునని తలచితిని. మూత తీయగా రబ్బరు పట్టీలతో కట్టిన చీటీలు. మనామాలోని డబ్బు పంపు దుకాణములవారు ఇచ్చినవి. కుమారుడు సెలవునకు వచ్చునప్పుడెల్ల సంవత్సరపు చీటీలు తెచ్చి తల్లి చేతిలో పెట్టును, ఆమె వరుసగా పేర్చుకొనును.

చీటీ ముందు భాగమున్నది లోకమునకు: పంపువాని పేరు, సీపీఆర్ సంఖ్య, దీనార్లెన్ని, ధర ఎంత, రుసుము ఎంత, రూపాయలెన్ని, బ్యాంకు ఏది. 2008 జనవరి చీటీలో ఎనుబది దీనార్లు. దీనారుకు నూట నాలుగు రూపాయల చిల్లర చొప్పున ఎనిమిదివేల మూడువందలు దాటినవి. 2013 ఆగస్టు చివరి చీటీలో అవే ఎనుబది దీనార్లు, ధర మాత్రము నూట డెబ్బదికి పైబడినది. రూపాయి పతనమైనదని పత్రికలు (మా పత్రికయు) శోకించిన వారమున ఈ ఇంట నీళ్ల మోటారు వచ్చినది. అన్ని చీటీలయందును ఒక గడి మాత్రము మారదు. 'పంపు కారణము' అనుచోట పదమూడేండ్లుగా ఒకే మాట అచ్చుపడియున్నది: కుటుంబ పోషణ.

నేను చీటీని వెనుకకు త్రిప్పినది కేవలము అలవాటుచేత. వెనుక పెన్సిలుతో, ఉర్దూలో, బడిపిల్లవాని వంటి గుండ్రని అక్షరములు. "నాకు చదువు ఐదు వరకే, తప్పులుంటాయి" అని ఆమె దక్కనీలో సిగ్గుపడెను. ఒకదానిపై 'బాడుగ'. ఒకదానిపై 'సోనా ఛుడాయా', అనగా మార్వాడీ దుకాణమున కుదువపెట్టిన నగ విడిపించితిమని. 'చిన్నదాని ఫీజు'. 'స్లాబు, సగము'. మూడు నెలల తరువాత 'స్లాబు, తక్కిన సగము'. బక్రీదు నెల చీటీలో మేక ధర వ్రాసి, కొట్టివేసి, తక్కువ ధర వ్రాసియున్నది. బేరము కుదిరిన సంగతి అట్లు శాశ్వతమైనది. పిమ్మట నాలుగు చీటీలపై వరుసగా ఒక్కటే మాట: 'దవాఖానా', 'దవాఖానా', 'దవాఖానా', 'దవాఖానా'. ఐదవదానిపై 'చెహ్లుం'. ఆమె భర్తకు నలుబదవనాటి ఫాతెహా అది. ముందు వైపునకు త్రిప్పి చూచితిని. ఎనుబదికి బదులు రెండువందల యిరువది దీనార్లు. టిక్కెట్టుకు తీసిపెట్టిన పైకమును కూడ పంపివేసెనట, తాను రాలేక. ఆ వరుసలోను కారణము గడిలో కుటుంబ పోషణయే.

వృత్తిధర్మము నన్ను విడువలేదు. కలము తీసి, సంవత్సరము వారీగా కూడుటకు మొదలిడితిని. ఆమె చీటీల కట్టమీద అరచేయి ఉంచి, "జోడో నక్కో బాబా, నజర్ లగ్‌తీ" అనెను. కూడవద్దు, దిష్టి తగులునని. మా అమ్మమ్మ పెరటి గుమ్మడికాయలను వ్రేలితో చూపి లెక్కింపనిచ్చెడిది కాదు. దిష్టి విషయమున పాతబస్తీకిని మా ఊరికిని భేదమేమియు లేదు. కలము మూసితిని.

చరిత్రకు మిగిలిన చోటు స్వల్పము గనుక త్వరగా చెప్పుదును. ఈ ప్రవాహము ఒకప్పుడు ఎదురు దిక్కున పారినది. నిజాము సైన్యమున కొలువునకై యెమెనులోని హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులు నివసించిన బారకులే నేటి బార్కాసు పేట. వారిలో జమాదారైన ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ హైదరాబాదులో గడించిన ధనముతో అచట రాజ్యమునే నెలకొల్పగా, ముకల్లా రాజధానిగా ఆ వంశము 1967 వరకు ఏలెను. 1948లో సంస్థానము పోయినది, కొలువులు పోయినవి, అరబ్బులు పలువురు తిరిగి ఓడలెక్కిరి. 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత మిగిలినవారి మనుమలును, వారి పొరుగువారును ఆ దిక్కునకే విమానములెక్కిరి. అట్లు పోవువారి కొరకు 1983లో వలస చట్టము వచ్చినది.

రెండు రూపాయలు

1959లో రెండు సంగతులు జరిగినవి. నిజాము నాటి హాలీ సిక్కా, 1951 నుండి కొత్తగా వెలువడకున్నను చెల్లుబాటులోనుండి, ఆ యేట పూర్తిగా రద్దయినది. ఆ యేటనే రిజర్వు బ్యాంకు గల్ఫు దేశములలో మాత్రమే చెల్లు ప్రత్యేక రూపాయి నోట్లను వెలువరించినది. బంగారపు దొంగ రవాణాచే విదేశీ మారకము హరించిపోకుండుటకు. వాని సంఖ్యకు ముందు 'జడ్' అక్షరముండును. పది రూపాయల నోటు ఎరుపు, నూరు రూపాయల నోటు పచ్చన. అంతవరకు బెహ్రైన్‌లో బజారు నడిచినది మన రూపాయితోనే. 1965లో ఆ దీవి తన దీనారును తెచ్చుకొనినప్పుడు పది రూపాయలకొక దీనారు. నేడు రెండువందలు ఏనాడో దాటినది.

ఫిలిప్పీనుల లెక్క

గువాం, మరియానా సంఖ్యలు తీసినది అమెరికా. కాని ఫిలిప్పీన్స్ కూడ ఊరకుండలేదు. 1974 నాటి కార్మిక స్మృతితోనే మనుష్యులను విదేశములకు పంపుట ఆ రాజ్యమునకు ఒక విధానమైనది. 1982లో మార్కోసు ప్రభుత్వము, సంపాదనలో సగము మొదలు ఎనుబది పాళ్లవరకు బ్యాంకుల ద్వారా ఇంటికి పంపి తీరవలెనని శాసించినది. నేడు వారి గణాంకశాఖ ఏటేట సర్వే జరిపి, 2023లో 21.6 లక్షల మంది విదేశములలో పనిచేయుచుండిరని తేల్చినది. కేంద్ర బ్యాంకు ఏ దేశమునుండి ఎంత వచ్చినదో వేర్వేరుగా ప్రకటించును. 2023లో బ్యాంకుల ద్వారా వచ్చినది 33.5 బిలియను డాలర్లు. ఇంత శ్రద్ధకు మూలము వాత్సల్యమా, వసూలా అని అడుగుట నా నైజము.

ఇక ఖాలా ఇంట సెలవు తీసికొనబోవుచు, డబ్బాలో 2019 తరువాతి చీటీలేవని అడిగితిని. ఇప్పుడు చీటీలు లేవట. కుమారుడు ఫోనులోనే పంపును, పడినదని ఇక్కడ మనుమని ఫోనులో గంట మ్రోగును. సౌకర్యముగానే ఉన్నది గదా అంటిని. ఆమె మనుమని ఫోను అందుకొని, అద్దమువైపు చూచి, దానిని వెనుకకు త్రిప్పి నాకు చూపెను. నల్లని నున్నని వెనుకభాగము. "ఇస్ పే క్యా లిఖూఁ?" అనెను, దీనిమీద ఏమి వ్రాయుదునని. కొన్నాళ్లు కరెంటు బిల్లు వెనుక వ్రాసినదట, కోడలు తెలియక పారవేసినదట.

అటుపై ఆమె చూపు నా చేతిలోని కాగితముమీద పడినది. సంపాదకుల పట్టిక, వెనుకవైపు తెల్లగా, మడతలు తప్ప మచ్చ లేదు. అడిగెను, ఇచ్చితిని. మంచముపై దానిని సాపుచేసి, పెన్సిలు నాలుకకు తాకించి, ఆ నెల గ్యాసు, బీపీ మాత్రలు, మనుమని బూట్లు ఒకదాని క్రింద నొకటి వ్రాసి, గువాంను లోపలికి మడచి, 2019 కట్టక్రింద ఉంచి మూత పెట్టెను.

గురువారము సాయంకాలము సంపాదకులు అడిగిన మొదటి ప్రశ్న కాగితమేదని.