దవడ వంకరకూ వెన్ను వంకరకూ ఉన్న చుట్టరికం

మా బ్రహ్మంగారిమఠం పక్క పల్లెల్లో బిడ్డ ముఖం ఒక పక్క చిన్నగా, ఒక పక్క పెద్దగా ఉంటే ఇంట్లో మొదట వచ్చేది గ్రహణం మాట. ఆ బిడ్డ ఆడపిల్ల అయితే వెంటనే వచ్చేది పెళ్ళి మాట. ఈ రెండు మాటల నడుమ ఆ పిల్ల వీపు ఎలా ఉందో చూసేవాళ్ళు తక్కువ. ముఖం అందరికీ కనిపిస్తుంది, వీపు బట్టల కింద ఉంటుంది. దవడ పెరుగుదలలో తేడాకూ వెన్ను పక్కకు వంగడానికీ కొందరు పిల్లల్లో సంబంధం ఉంది, కొందరిలో లేదు. ఎవరిలో ఉంటుందో తల్లిదండ్రులకు తెలియడం అవసరమని ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాం.

కింది దవడ ఎక్కువగా పెరిగే చోటు చెవి ముందర ఉంటుంది. అక్కడ వేలు పెట్టి నోరు తెరిచి మూయండి, గుండ్రటి ఎముక కదులుతుంది. కుడిఎడమలు సమానంగా పెరిగితే గడ్డం నడిమధ్యన నిలుస్తుంది. పిల్లవాడు మిద్దె మెట్ల మీద గడ్డం ఆనేటట్టు బోర్లా పడి ఆ ఎముక ఒక పక్క విరిగినా, చెవిలో చీము ముదిరి కీలు పట్టేసినా, ఆ పక్క పెరుగుదల వెనకబడి గడ్డం అటువైపే తిరుగుతుంది. గడ్డం మీది గాయం వారంలో మానిపోతుంది, లోపలి దెబ్బ సంగతి రెండు మూడేళ్ళకు బయటపడుతుంది. అప్పటికి కొందరు పిల్లలు నోరు తెరిచి ముద్ద పెట్టుకోలేరు. ఈ రకంలో దోషం దవడ కీలుదే, దాన్ని చూసి వెన్ను గురించి భయపడనక్కర లేదు.

వెన్ను పక్కకు వంగడాన్ని స్కోలియోసిస్ అంటారు. మనం గూని అనేది ముందుకు వంగిన వీపును, ఇది వేరు. ఎక్స్‌రేలో ఈ వంపును కొలిచే పద్ధతిని 1948లో అమెరికా వైద్యుడు జాన్ కాబ్ చెప్పాడు. 10 డిగ్రీలు, అంతకు మించి ఉంటేనే ఆ పేరు పెడతారు. 10 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. చిన్న వంపులు మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ సమానమే గాని, ముదిరేవి ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. చాలామందిలో కారణం ఇంతవరకు తేలలేదు. బడిసంచి బరువుకు ఇది రాదు. సంచి తేలిక కావాలని ఉపాధ్యాయులుగా మేమూ కోరుకుంటాం, అది వేరే సంగతి.

ఇక రెండింటికీ చుట్టరికం ఉన్న చోట్లు చూద్దాం. కొందరు బిడ్డలు పుట్టుకతోనే ఒక పక్క దవడ చిన్నగా, అదే పక్క చెవి ముడుచుకుపోయి, చెవి ముందు పులిపిరి లాంటి కండతో పుడతారు. వీరిలో కొందరికి మెడలోనో వీపులోనో ఒక వెన్నుపూస సగమే ఏర్పడి ఉంటుంది. ముఖమూ వెన్నుపూసలూ కడుపులో రూపు కట్టేది ఇంచుమించు ఒకే కాలంలో, 4వ వారం నుంచి 8వ వారం లోపల. ఆ సమయంలో జరిగిన లోపం రెండు చోట్లా కనిపించవచ్చు. కన్ను, చెవి కలిసి దెబ్బతిన్న ఇలాంటి పిల్లల గురించి 1952లో గోల్డెన్‌హార్ అనే వైద్యుడు రాశాడు, ఆ పేరుతోనే దాన్ని పిలుస్తారు. తనకు నెల తప్పిందని తల్లికి రూఢి అయ్యేనాటికే ఆ వారాలు మొదలైపోయి ఉంటాయి. గ్రహణం పూట ఆమె కత్తిపీట పట్టుకుందా లేదా అని కోడలిని నిలదీయడం అన్యాయం. ఇలాంటి బిడ్డకు దవడతో పాటు వెన్ను, గుండె, మూత్రపిండాలు కూడా చూపించాలి. దవడకు ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇచ్చే వైద్యుడు మెడ పూసల సంగతి ముందే తెలుసుకోవాలి.

మెడ నుంచి వచ్చేది ఇంకొకటి. చెవి వెనక నుంచి కాలరు ఎముక దాకా దిగే కండరం పుట్టుకలోనే ఒక పక్క బిగుసుకుపోతే బిడ్డ తల అటు వాలి, గడ్డం రెండో వైపు తిరుగుతుంది. మొదటి వారాల్లో ఆ కండరంలో చిన్న గడ్డ చేతికి తగలవచ్చు. అలాగే వదిలేస్తే బిగుసుకున్న పక్క ముఖం, దవడ చిన్నబడతాయి. కళ్ళు రెండూ ఒకే మట్టంలో ఉంచుకోవడానికి వెన్ను కింద ఎదురు వంపు తిరుగుతుంది. మొదటి ఏడాదిలోనే ఫిజియోథెరపీ మొదలుపెడితే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే సరిపోతుంది. నూనె రాసి మెడ విరిచే పని మాత్రం నానమ్మలు పెట్టుకోవద్దు. ఆ సాగదీయడం ఎలాగో ఫిజియోథెరపిస్టు తల్లికే నేర్పిస్తారు.

దవడ వంకర వెన్నుకు సోకిందనుకునేవారు వెన్ను వైద్యం దవడను మార్చిన కథ కూడా వినాలి. 1940లలో అమెరికాలోని మిల్వాకీ నగరంలో బ్లౌంట్, ష్మిట్ అనే వైద్యులు వెన్ను వంపుకు నడుము నుంచి గడ్డం దాకా ఉండే పట్టీ తయారు చేశారు. గడ్డం కింద పెట్టిన మెత్త పెరిగే దవడను ఏళ్ళ తరబడి పైకి నొక్కింది. పళ్ళ వరుస మారింది, ముఖం కింది భాగం పొట్టిదైంది. తరవాత ఆ మెత్తను గొంతు దగ్గరికి దించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే పట్టీలు చంకల కిందే ఆగిపోతాయి.

పళ్ళు సరిగా కలవకపోతే వెన్ను వంగుతుందా అన్న ప్రశ్న మిగిలింది. వెన్ను వంపు ఉన్న పిల్లల్లో పై పళ్ళూ కింది పళ్ళూ అడ్డంగా కరుచుకోవడం ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని దేశాల వైద్యులు గమనించారు. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో ఎలుకలకు ఒక పక్క పన్ను ఎత్తు పెంచితే వారంలో వెన్ను వంగింది, రెండో పక్క కూడా పెంచితే తిరిగి సరిపడింది. ఎలుక నాలుగు కాళ్ళ మీద నడిచే ప్రాణి. రెండు తేడాలు ఒకే పిల్లలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండో దానికి కారణమని తేలదు. పళ్ళకు క్లిప్పు వేస్తే వెన్ను నిలబడుతుందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. క్లిప్పు పళ్ళ కోసం వేయించుకోవచ్చు, వెన్నుకు వెన్ను వైద్యమే.

వీపు చూడడానికి యంత్రం అక్కర లేదు. నమాజులో రుకూకు వంగినట్టు, వరినాటు వేసేవాళ్ళు వంగినట్టు, మోకాళ్ళు మడవకుండా చేతులు కిందికి వదిలి వంగమనాలి. వెనక నిలబడి చూస్తే వంపు ఉన్న పిల్లకు పక్కటెముకలు ఒక వైపు ఎత్తుగా లేస్తాయి. విలియం ఆడమ్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1865లో చెప్పిన ఈ పరీక్షనే వైద్యులు నేటికీ చేస్తున్నారు. భుజాలు ఎత్తు తగ్గులుగా ఉండడం, పమిట తరచూ ఒక పక్కకే జారడం కూడా గుర్తులే. ఆడపిల్లలకు పదేళ్ళు దాటాక ఇది బడిలో మేము చేసే పని కాదు, చేయకూడదు కూడా. తల్లి స్నానం దగ్గర ఆరు నెలలకోసారి చూస్తే చాలు. నొప్పి ఉండదు గనుక పిల్ల తనంతట తాను చెప్పదు.

అనుమానం ఉంటే మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రికో కడప రిమ్స్‌కో వెళ్ళి ఎముకల వైద్యుడికి చూపించవచ్చు. ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా కడపలో రిమ్స్ దగ్గరే ఉంది గనుక దవడ, వెన్ను రెండూ ఒకే ప్రయాణంలో చూపించుకోవచ్చు. పెరిగే వయసులో 25 నుంచి 40 డిగ్రీల మధ్య వంపుకు పట్టీ వేస్తారు. 2013లో అమెరికా, కెనడాల పరిశోధన ఫలితం చూస్తే, పట్టీ వేసుకున్నవారిలో నూటికి 72 మందికి వంపు ఆపరేషన్ దాకా ముదరలేదు. వేసుకోనివారిలో అది 48 మందికే. రోజుకు ఎక్కువ గంటలు వేసుకున్నవారికి ఎక్కువ మేలు జరిగింది. పెరుగుదల ఆగాక పట్టీతో పని లేదు, 50 డిగ్రీలు దాటితే ఆపరేషనే. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే ముందూ వెనకా ఉండే ఏడాది రెండేళ్ళే వంపు జోరుగా పెరిగే కాలం. సంబంధాలు చూసేటప్పుడు చూపిద్దాంలే అనుకునే ఇళ్ళలో ఆ కాలం దాటిపోతోంది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రే తప్పకుండా తీసుకుపోండి. వంపు ఎన్ని నెలల్లో ఎన్ని డిగ్రీలు పెరిగిందో రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితేనే వైద్యుడికి తెలుస్తుంది.