కెరీనా నక్షత్రరాశిలోని ముఖ్య నక్షత్రాలు

కెరీనా దక్షిణ ఖగోళంలోని ఒక నక్షత్రరాశి. లాటిన్ భాషలో ఈ పదానికి ఓడ అడుగుభాగం అని అర్థం. టాలెమీ పేర్కొన్న ఆర్గో నేవిస్ అనే పెద్ద రాశి 18వ శతాబ్దంలో విభజింపబడగా ఏర్పడిన భాగాలలో ఇది ఒకటి.

దీనిలో అత్యంత ప్రకాశవంతమైనది కానోపస్, అనగా మన అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలో సిరియస్ తరువాతి స్థానం దీనిదే. దూరం సుమారు 310 కాంతి సంవత్సరాలు. ఫిబ్రవరిలో రాత్రి 9 గంటల ప్రాంతంలో హైదరాబాదు నుండి దక్షిణ దిక్కున, క్షితిజానికి దాదాపు 20 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది.

ఈటా కెరీనే ఇంతకంటే విచిత్రమైనది. సుమారు 7,500 కాంతి సంవత్సరాల దూరంలో, అంటే అగస్త్యునికంటే దాదాపు 24 రెట్లు దూరంలో ఉండి కూడా, 1843లో కొంతకాలం అగస్త్యుని మించి ప్రకాశించింది. తరువాత కొన్ని సంవత్సరాలలో మసకబారి కంటికి కనిపించకుండా పోయింది. ఆనాటి విస్ఫోటనంలో వెలువడిన వాయువు, ధూళి నేడు హోమంక్యులస్ అనే రెండు బుడగల నీహారికగా కనిపిస్తున్నాయి. ఇది నిజానికి జంట నక్షత్రం. పరిభ్రమణ కాలం సుమారు 5.5 సంవత్సరాలు. పెద్ద నక్షత్రం ఎప్పటికైనా సూపర్నోవాగా పేలగలదని శాస్త్రజ్ఞుల అంచనా. అది ఇప్పటికే పేలిపోయి ఉన్నా, ఆ కాంతి భూమిని చేరడానికి 7,500 సంవత్సరాలు పడుతుంది.

ఎప్సిలాన్, అయోటా కెరీనే నక్షత్రాలు పొరుగున ఉన్న వేలా రాశిలోని రెండు నక్షత్రాలతో కలిసి శిలువ ఆకారంలో కనిపిస్తాయి. దీనిని త్రిశంకు (దక్షిణ శిలువ) రాశిగా పొరబడేవారు ఎక్కువ.