మీకు తెలుసా? గెలిచిన డబ్బు వదిలేసి లేస్తే...

లాస్‌వెగాస్‌లో ఒకాయన స్లాట్ మెషీన్‌ మీద 2,29,368 డాలర్లు గెలిచి, ఆ సంగతే తెలియక లేచి వెళ్లిపోయాడు. 2022 జనవరి 8న ట్రెజర్ ఐలండ్ క్యాసినోలో జరిగిందిది. మెషీన్‌లో కమ్యూనికేషన్ లోపం వల్ల జాక్‌పాట్ తగిలినట్టు ఆయనకు తెలియలేదు. తప్పు బయటపడేసరికి మనిషి లేడు. నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు సిబ్బంది పలు క్యాసినోల సీసీ కెమెరా దృశ్యాలు గంటల తరబడి చూశారు. కొనుగోళ్ల రికార్డులు, క్యాబ్ ప్రయాణాల వివరాలు జల్లెడ పట్టారు. నెల తిరక్కముందే ఆయన ఆరిజోనాలో ఉన్నాడని తేల్చి, డబ్బు ఇప్పించారు.

అంత అదృష్టం అందరికీ పట్టదు. తెర మీద రెండు వందల డాలర్లు ఉంచి బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి సున్నా కనిపించినవాళ్లూ ఉంటారు. ఇప్పటి స్లాట్ మెషీన్లు చాలావరకు నాణేలు రాల్చవు. బటన్ నొక్కితే బార్‌కోడ్ ఉన్న కాగితం ముక్క వస్తుంది. దాని మీద పేరుండదు. కియోస్క్‌లో ఎవరు పెడితే వాళ్లకే నోట్లు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని ఆ బటన్ నొక్కడమే దొంగకు కావలసిన పనితనం. విచిత్రమేమిటంటే పెద్ద జాక్‌పాటే భద్రం. అమెరికాలో పన్ను లెక్కల కోసం దశాబ్దాలపాటు 1,200 డాలర్లు, ఆపైన తగిలితే మెషీన్ ఆగిపోయేది, ఉద్యోగి వచ్చి గుర్తింపు కార్డు చూసేవాడు. ఎగరేసుకుపోయేది ఆలోపు మొత్తాలనే.

‘వదిలేసిపోయారు, నేను తీసుకున్నా’ అంటే చట్టం ఒప్పుకోదు, అది దొంగతనమే. దొంగ కోసం పరుగెత్తడం కంటే ముందు అక్కడి సిబ్బందిని పిలవడం మేలు. ఏ మెషీన్, ఏ నిమిషం, ఎంత మొత్తం, టికెట్ నంబరెంత అన్నీ క్యాసినో కంప్యూటర్లో ఉంటాయి. ఇంకా నగదు చేయకపోతే ఆ టికెట్‌ను ఆపే వీలుంటుంది. మెషీన్‌లో క్యాసినో మీకిచ్చిన ప్లేయర్స్ కార్డు పెట్టి ఉంటే ఆట మీదేననడానికి అదే గట్టి ఆధారం. నగదు తీసేసుకున్నా కియోస్క్ దగ్గర కెమెరాలో ముఖం దొరుకుతుంది. అయితే నెవాడా నిబంధన ప్రకారం ఆ రికార్డింగులు కనీసం 7 రోజులు ఉంచితే చాలు. హైదరాబాద్ చేరాక తీరిగ్గా ఈమెయిల్ పెడితే లాభం తక్కువ.

క్యాసినో తన జేబులోంచి ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పోలీసు ఫిర్యాదు చేయాలి, దొంగ దొరికితే కోర్టు వాడి చేత కట్టించవచ్చు. గేమింగ్ బోర్డు తీర్చేది ఆటగాడికీ క్యాసినోకీ మధ్య తగాదా. అది 500 డాలర్లు, ఆపైన అయితే బోర్డుకు క్యాసినోయే వెంటనే తెలియజేయాలి.

ఎవరూ మార్చుకోని టికెట్ల సంగతి? గడువు దాటితే ఆ విలువలో నాలుగింట మూడొంతులు నెవాడా ఖజానాకే పోయేలా 2011లో చట్టం చేశారు. మతిమరుపు మీద కూడా పన్నన్నమాట!

నగదుకు బదులు పందెం కాసే బిళ్లల (చిప్స్) కథ వేరు. 2010 డిసెంబరులో లాస్‌వెగాస్‌లోని బెల్లాజియో క్యాసినోలోకి హెల్మెట్ పెట్టుకుని దూరినవాడు 15 లక్షల డాలర్ల చిప్స్ దోచుకుపోయాడు. క్యాసినో వెంటనే 25,000 డాలర్ల చిప్ రకాన్నే రద్దు చేస్తున్నామని, మార్చుకోవడానికి ఫలానా తేదీ దాకే గడువని ప్రకటించింది. చిప్ అంటే డబ్బు కాదు, ఇస్తామన్న మాట మాత్రమే. చివరికి వాడు మారువేషంలో ఉన్న పోలీసుకే అమ్మబోయి దొరికిపోయాడు.

మన దగ్గర? లైసెన్సున్న గోవా క్యాసినోలో పోతే ఫిర్యాదుకు అడ్డు లేదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర జేబు కొట్టేస్తేనే చిక్కు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెంలో గెలిచిన సొమ్ము కోసం ఓడినవాడి మీద దావా వేయలేం. దొంగతనం సంగతి అలా కాదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ చూసేది వస్తువు ఎవరి స్వాధీనంలోంచి పోయిందనే, ఎలా వచ్చిందని కాదు. కాబట్టి పందెం డబ్బు కొట్టేసినా నేరమే. కాకపోతే డబ్బెక్కడిదని ఎస్సై అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెబితే, ఫిర్యాదుదారు మీద కూడా జూద చట్టం కింద ఇంకో కేసు పడవచ్చు.