రైల్వే గేటు వద్ద వాహన చోదకుల బాధ్యత

వేగంగా వచ్చే రైలు బ్రేకు వేసిన వెంటనే ఆగదు, పక్కకు తప్పుకోలేదు. కనుక ఆగవలసినది రోడ్డు వాహనమే. కాపలా లేని క్రాసింగు వద్ద వాహనాన్ని నిలిపి, కండక్టరు లేదా క్లీనరు నడిచి వెళ్లి ఇరువైపులా చూడాలనీ, వారు లేనప్పుడు చోదకుడే దిగి చూడాలనీ 1988 మోటారు వాహనాల చట్టంలోని 131వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. 2014 జూలై 24న నాటి మెదక్ జిల్లా మాసాయిపేటలో పాఠశాల బస్సును రైలు ఢీకొని చిన్నారులు మరణించినది అటువంటి క్రాసింగు వద్దనే.

బ్రాడ్‌గేజ్ మార్గాలలో వాటిని 2019 జనవరి నాటికి తొలగించారు. ఇక మిగిలినది గేటు వద్ద తొందరపాటు. మూసిన గేటును అధికారం లేనివారు తెరిస్తే 3 సంవత్సరాల వరకు, విరగగొడితే 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించేందుకు 1989 రైల్వే చట్టంలోని 160వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. ఇంటర్‌లాకింగ్ గల చోట గేటు పూర్తిగా మూతపడనిదే రైలుకు సిగ్నల్ లభించదు. దిగుతున్న గేటు కింద నుంచి దూరిపోయే ద్విచక్ర వాహనదారుడు నిమిషం కలిసివచ్చిందనుకుంటాడు గాని, రైలులోని ప్రయాణికులందరి ఆలస్యానికి కారకుడవుతున్నాడు.